జేబులో పాట ఎవరిది?

"ఫోను చేతుల ఉండంగ మళ్ల పాటల డబ్బా ఎందుకు సార్?" అని ఎవరైనా అడిగితే అది అడగదగిన ప్రశ్నే. కెమెరాను, గడియారాన్ని, టార్చిలైటును, రేడియోను, చివరికి లెక్కలు చేసే యంత్రాన్ని కూడా మింగేసిన ఫోను పాటను మాత్రం ఎందుకు వదిలిపెడుతుంది? వదిలిపెట్టలేదు కూడా. వెయ్యి పాటలు జేబులో పెట్టుకొండి అంటూ 2001 అక్టోబరులో పుట్టిన ఐపాడ్‌కు 2022 మే నెలలో ఆపిల్ కంపెనీ స్వయంగా సెలవు ప్రకటించింది. ఇరవయ్యొక్కేళ్లు కూడా నిండలేదు. చనిపోయిన వస్తువును గూర్చి మన వార్షిక సంచికలో పేజీలు ఖర్చు చేయడమెందుకని అధ్యాపక మిత్రులు కొందరు నొసలు చిట్లించవచ్చు.

ఆ వస్తువు చావలేదని నా వాదన. చావలేదు సరే, దాన్ని ఎన్నుకోవడంలో ఒక పెద్ద సంగతి ఇమిడి ఉందని కూడా నా వాదన. ఏ ప్లేయరు కొనాలి అని మనం అడుగుతున్నామంటే, తెలిసో తెలియకో, జేబులో పెట్టుకున్న పాట ఎవరిది అని అడుగుతున్నట్టే. మనదా? కంపెనీదా? నెలనెలా కిరాయి కట్టినంత కాలమే మనదా?

మన జిల్లాలో జేబులో పాట కన్నా ముందు భుజాన పాట వచ్చింది. ఎక్కడినుంచి వచ్చిందో పెద్దవాళ్లకు చెప్పనక్కరలేదు. దుబాయి నుంచీ, మస్కట్ నుంచీ, సౌదీ నుంచీ వచ్చింది. గల్ఫ్ పోయినవాడు రెండేళ్లకు సెలవు మీద దిగితే అతని పెట్టెలో సెంటు సీసా, పోలియెస్టర్ చీర, దుప్పటి ఉన్నా లేకున్నా టేప్ రికార్డరు మాత్రం ఉండాలె. రేడియో కూడా ఉన్న దాన్ని "టూ ఇన్ వన్" అనేవాళ్లం. సోనీ వాళ్ల వాక్‌మన్ 1979 జులైలో జపాన్‌లో బయటికొచ్చింది గాని మా శక్కర్‌నగర్ క్వార్టర్లలో పిల్లలకు దాని దర్శనం చాలా ఏండ్ల తర్వాతి మాట. అప్పటిదాకా పాటంటే వాడకట్టంతా వినేదే. ఒక్కడు చెవిలో పెట్టుకొని వినేది కాదు.

నిజామాబాద్ బజారులో రికార్డింగ్ సెంటర్లు ఉండేవి. పాటల పట్టీ ఒక కాగితం మీద రాసి, ఖాళీ సి-60 క్యాసెట్టు ఇచ్చి వస్తే రెండు రోజులకు అటు ముప్ఫై నిమిషాలు, ఇటు ముప్ఫై నిమిషాలు నింపి ఇచ్చేవాడు. చివర రెండు నిమిషాలు మిగిలితే వాడికి నచ్చిన పాట ఒకటి సగం దాకా కొట్టేవాడు. ఆ సగం పాటలు నాకు ఇప్పటికీ సగమే గుర్తున్నాయి! ఆ తర్వాతి తరం వచ్చేసరికి రికార్డింగ్ సెంటరు పోయి మొబైల్ షాపు వచ్చింది. "అన్నా, మెమొరీ కార్డుల పాటలు ఎక్కించు" అంటే ఇరవయ్యో ముప్ఫయ్యో తీసుకొని ఐదువందల పాటలు ఎక్కించేవాడు. రికార్డింగ్ సెంటరువాడికి గాని, మొబైల్ షాపువాడికి గాని ఆ పాటల మీద హక్కేమీ లేదు. చట్టం ముందు ఇద్దరూ దొంగలే. నేను వాళ్లను సమర్థించబోవడం లేదు. కాని ఒకటి గమనించండి. ఆ రెండు దుకాణాల నుంచీ ఇంటికి వచ్చింది ఒక వస్తువు. పెట్టెలో దాచవచ్చు, పక్కింటికి ఇవ్వవచ్చు, కొడుకుకు మిగల్చవచ్చు.

ఇప్పుడు చందా కట్టి వినే పాటల సంగతి చూడండి. దించుకున్నామని మనం అనుకునే పాట నిజానికి తాళం వేసిన పెట్టెలో ఉంటుంది. తాళంచెవి కంపెనీ దగ్గర. చందా ఆగిన నెల పెట్టె తెరుచుకోదు. కంపెనీయే దుకాణం కట్టేస్తే? ఎయిర్‌టెల్ వారి వింక్ మ్యూజిక్‌ను మూసివేస్తున్నట్టు 2024లో ప్రకటించారు. అందులో ఏళ్ల తరబడి ఏరి కూర్చుకున్న పట్టీలన్నీ మరో యాప్‌కు మోసుకుపోవలసి వచ్చింది. ఇది కొత్త జబ్బేమీ కాదు. ప్లేయర్లు రాజ్యమేలిన రోజుల్లోనూ ఉన్నదే. ఐట్యూన్స్ దుకాణంలో కొన్న పాటలకు 2009 దాకా తాళం ఉండేది. మరో కంపెనీ ప్లేయరులో అవి పలికేవి కావు. మైక్రోసాఫ్ట్ వారు "ప్లేస్ ఫర్ ష్యూర్" అని ఒక ముద్ర పెట్టారు, అంటే ఈ పాట ఖచ్చితంగా పాడుతుందని హామీ. 2006లో వాళ్లే జూన్ అనే ప్లేయరు తెచ్చారు. ఆ ముద్ర ఉన్న పాటలు అందులో పాడలేదు. మన ఊళ్లో ఎవడైనా చెరకు కాంటా దగ్గర ఇట్లాంటి పని చేస్తే రైతులు బండ్లు అడ్డం పెట్టేవాళ్లు.

కాబట్టి ప్లేయరు ఎన్నుకోవడానికి నా మొదటి కొలబద్ద ఒక్కటే. దాన్ని తీగతో కంప్యూటరుకు తగిలిస్తే మామూలు పెన్‌డ్రైవ్ తెరుచుకున్నట్టు తెరుచుకోవాలి. పాటల ఫైళ్లు కళ్లకు కనపడాలి, వేయడానికీ తీయడానికీ ఏ యాప్ అనుమతీ అక్కరలేకుండా ఉండాలి. ఇది లేనిది ఎంత నాజూకుగా ఉన్నా నేను కొనను, మిమ్మల్నీ కొనమనను. రెండోది, మెమొరీ కార్డుకు చోటుండాలి. యంత్రం చచ్చినా పాట బతకడానికి అదే దారి. మూడోది, గుండ్రటి పిన్ను పట్టే ఇయర్‌ఫోన్ రంధ్రం. ఫోన్ల కంపెనీలు ఒక్కటొక్కటిగా ఈ రెండిటినీ పూడ్చేస్తూ వచ్చాయి. ఐఫోన్‌లో కార్డు చోటు ఎన్నడూ లేదు, పిన్ను రంధ్రం 2016లో పోయింది. మీ ఫోనులో ఇంకా రెండూ ఉన్నాయంటే మీ దగ్గర సగం ప్లేయరు ఉన్నట్టే. అప్పుడు వేరే డబ్బా కొనమని నేను ఒత్తిడి పెట్టను. కాని ఫోను రెండు మూడేళ్లకొకసారి మార్పిడిలో పోతుంది, రిపేరుకిస్తే అంతా తుడిచి ఇస్తారు, పరీక్షల ముందు గ్రంథాలయంలో కూర్చొని ఒక్క పాట విందామని తీస్తే నలభై సందేశాలు మీద పడతాయి. పాట కోసం తీసిన ఫోను పాటతో ఆగడం మీలో ఎవరికైనా అనుభవమేనా?

అంగట్లో ఏమున్నాయంటారా. పైమెట్టు మీద సోనీ వాక్‌మన్ అనే పేరు ఇంకా బతికే ఉంది. ఫియో, హైబీ వంటి చైనా కంపెనీలవి ఉన్నాయి. వాటి ధరలు విద్యార్థి జేబుకు అందేవి కావు. వాటి డబ్బాల మీద 192 కిలోహెర్ట్జ్ అనీ, 24 బిట్లు అనీ పెద్దక్షరాలతో ఉంటుంది. భౌతికశాస్త్రం చదివేవారు మీలో ఉన్నారు, మీకు తెలుసు: మనిషి చెవి 20,000 హెర్ట్జ్ దాటి వినదు, ఒక ధ్వనిని పూర్తిగా పట్టాలంటే దాని పౌనఃపున్యానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలవాలి, సీడీ సెకనుకు 44,100 సార్లు కొలుస్తుంది. అంటే 1982 నాటి సీడీయే మన చెవులకు సరిపోను ఇచ్చేసింది. ఆపైన ఉన్నది వినడానికి మీకు గబ్బిలం చెవులు కావాలి. ఆ డబ్బుతో మంచి ఇయర్‌ఫోన్లు కొనుక్కోండి, తేడా మొదటి పాటకే తెలుస్తుంది.

అమ్మానాన్నలకు కానుక ఇవ్వాలనుకుంటే 2017లో సారెగమ వారు తెచ్చిన కార్వాన్ వంటివి ఉన్నాయి. పెద్ద మీటలు, తిప్పే గుండీ, ముందే నింపిన పాత పాటలు. కండ్లు సరిగా కనపడనివాళ్లకు అది ఎంత సుఖమో నేను మా ఇంట్లో చూశాను. పాటలు ఎవరో ఏరిపెట్టినవి, అదొక్కటే లోటు. అయితే పెన్‌డ్రైవ్ పెట్టే చోటు ఉన్న రకం చూసి తీసుకుంటే మన పాటలూ దాన్లో పాడించవచ్చు.

ఇక అసలు సంగతి చెబుతాను. ఇది విని కొందరు నవ్వుతారు. మన ప్రాంతంలో అత్యధికుల చేతిలో ఉన్న మంచి మ్యూజిక్ ప్లేయరు బటన్ ఫోను. కార్డు చోటు ఉంటుంది, పిన్ను రంధ్రం ఉంటుంది, ఎఫ్ఎం ఉంటుంది, రోజుల తరబడి చార్జింగ్ నిలుస్తుంది. బ్యాటరీ గోటితో ఊడదీసి కొత్తది వేసుకోవచ్చు. నాట్లకు పోయే అక్కలు దాన్ని కొంగున ముడేసుకొని పాటలు వింటూ నడుములు వంచుతున్నారు. నోకియా 110 వంటివి 32 జీబీ కార్డు దాకా పట్టుకుంటాయి. లెక్క వేద్దాం: ఐదు నిమిషాల పాట మంచి నాణ్యతలో, అంటే సెకనుకు 320 కిలోబిట్ల ఎంపీ3లో, పన్నెండు ఎంబీలు తీసుకుంటుంది. 32 జీబీలో అట్లాంటివి రెండున్నర వేలకు పైనే. ఎన్ని జన్మలకు కావాలి?

ఒక హెచ్చరిక. సంతలో సగం ధరకు దొరికే కార్డులు నమ్మవద్దు. మీద 64 అని ఉంటుంది, లోపల ఎనిమిదే ఉంటుంది, కంప్యూటరుకు కూడా 64 అనే అబద్ధం చెబుతుంది. నిండిన తర్వాత పాత పాటల మీదే కొత్తవి రాసుకుంటూ పోతుంది. కొన్న రోజే కార్డు నిండా ఏవో పెద్ద ఫైళ్లు వేసి, మళ్లీ తెరిచి చూసుకోండి. ఇంకొకటి, 32 దాటిన కార్డులు మామూలుగా వేరే పద్ధతిలో అమర్చి వస్తాయి, పాత ప్లేయర్లు వాటిని గుర్తుపట్టవు.

భాష సంగతి కూడా దుకాణంలోనే చూసుకోవాలి. మన బోధన్ వైపు ఒక్క కార్డులో నాలుగు భాషలుంటాయి: తెలుగు పాట పక్కన ఉర్దూ గజల్, దాని పక్కన సరిహద్దు అవతలి మరాఠీ భజన, హిందీ సినిమా పాట. చవక ప్లేయర్ల తెర మీద తెలుగు అక్షరం డబ్బా గడిగా కనపడుతుంది, లేదా ఒత్తులు ఊడిపోయి పక్కన పడతాయి. ఉర్దూ అయితే కుడి ఎడమలు తారుమారు. తెలుగులో పేరు పెట్టిన ఒక పాటను మీ కార్డులో తీసుకొని వెళ్లి తెర మీద చూపించమనండి. దుకాణదారు విసుక్కుంటాడు, విసుక్కోనీయండి. చాలా చవక ప్లేయర్లు పాటలను పేరు వరుసలో కాక మనం కార్డులో వేసిన వరుసలో పాడతాయి. అందుకని కార్డు ఖాళీ చేసి వరుసగా వేసుకుంటే గొడవ ఉండదు.

ఇంతవరకూ బజారు పాటల ముచ్చట. ఏ దుకాణంలోనూ, ఏ యాప్‌లోనూ దొరకని పాటల సంగతి ఏమిటి?

మా మేనమామ 1983లో మస్కట్ పోయాడు. ఉత్తరం రాయడం చదవడం రెండు వైపులా కష్టమే గనుక క్యాసెట్లో మాట్లాడి పంపుకొనేవాళ్లు. వచ్చేవాళ్ల చేతికీ పోయేవాళ్ల చేతికీ ఇచ్చి పంపే ఆ మాటల క్యాసెట్లు మన జిల్లాలో ఎన్ని వందల ఇళ్లలో ఉండి ఉంటాయో ఊహించండి. మా అమ్మ తమ్మునికి పంపిన క్యాసెట్టు ఒకటి, అతను తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చినందువల్ల, మా ఇంట్లో మిగిలింది. ముందు క్షేమసమాచారం. తర్వాత అప్పు లెక్క. తర్వాత మా అమ్మమ్మ బతుకమ్మ పాట ఎత్తుకుంటుంది, ఆ వాడకట్టు ఆడవాళ్లు అందుకుంటారు. పాట నడుమ దూరంగా చక్కెర ఫ్యాక్టరీ సైరన్ మోగుతుంది. ఎవరో "రెండో షిఫ్టు ఐంది, అన్నం పెట్టుపో" అంటారు. పాట ఆగదు.

నిజాం షుగర్ ఫ్యాక్టరీ 1937లో పుట్టింది, ఒకప్పుడు ఆసియాలోకెల్లా పెద్దదని పేరు పొందింది. 2002లో ప్రయివేటు చేతికి పోయింది, 2015 డిసెంబరులో పని ఆగింది. సైరన్ మోగితే పొయ్యి ముట్టించుకొన్న ఊరు మాది. తెరిపిస్తామన్న మాట ఆ తర్వాత ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. ఆ సైరన్ నాకు ఇప్పుడు ఆ క్యాసెట్టులోనే వినపడుతుంది.

ఇక్కడే ఎంపీ3 అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. జర్మనీలోని ఫ్రౌన్‌హోఫర్ సంస్థలో కార్ల్‌హైంజ్ బ్రాండెన్‌బర్గ్ వంటివారు ఏళ్ల తరబడి శ్రమించి చేసిన పద్ధతి అది, ".ఎంపీ3" అనే పేరు 1995 జులైలో స్థిరపడింది. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లుంటే ఎంపీ3 దాన్ని 128కి, అంటే పదకొండో వంతుకు దించగలదు. ఎట్లా? చెవికి ఒక బలహీనత ఉంది. పెద్ద శబ్దం పక్కనున్న చిన్న శబ్దం మనకు వినపడదు. కాబట్టి వినపడని దాన్ని పారేద్దాం అంటుంది ఎంపీ3. సినిమా పాటకు ఇది అద్భుతమైన ఉపాయం, పారేసిందేమిటో మీరు పట్టుకోలేరు. కాని మా అమ్మమ్మ గొంతు వెనక దూరంగా ఉన్న ఆ సైరన్, పక్కన గిన్నె చప్పుడు, వాకిట్లో బర్రె అరుపు - ఇవన్నీ ముందుగా కోతకు గురయ్యేవే. మనకు కావలసిందేమో అవే!

అందుచేత ఇట్లాంటి వాటిని ఎంపీ3లో దాచరాదు. ఫ్లాక్ అని ఒక పద్ధతి 2001 నుంచి ఉంది. అది ఏదీ పారేయదు, మడత పెడుతుంది, విప్పితే మొత్తం తిరిగి వస్తుంది. చోటు ఎక్కువ పడుతుంది, ఐదు నిమిషాల పాటకు ముప్ఫై ఎంబీల దాకా. పట్టనీయండి. మీరు కొనే ప్లేయరు ఫ్లాక్ పాడుతుందా అని అడగండి. బటన్ ఫోన్లు చాలావరకు పాడవు, కనుక వాటి కోసం ఒక ఎంపీ3 నకలు విడిగా చేసుకోవచ్చు, అసలు మాత్రం ఫ్లాక్‌లో ఉండాలి. క్యాసెట్టు డెక్కు నుంచి కంప్యూటరుకు తీగ కలిపి, ఆడాసిటీ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఎక్కించవచ్చు. సి-60 ఎక్కడానికి గంట పడుతుంది, అంతకు తక్కువలో కాదు. గంటసేపు కూర్చొని వినవలసిందే. అది నష్టమని నేననుకోను.

రికార్డు చేసే సౌకర్యమున్న ప్లేయరు దొరికితే ఇంకా మంచిది. చిందు భాగవతానికి పేరు తెచ్చిన చిందుల ఎల్లమ్మ మన బోధన్ పక్కన అమ్దాపూర్‌లో స్థిరపడ్డవారు, 2005లో కాలం చేశారు. ఆ ఆట రాత్రి మొదలైతే తెల్లవారుదాకా నడిచేది. సి-90 క్యాసెట్టు నలభై ఐదు నిమిషాలకొకసారి తిప్పాలి, తిప్పే లోపల ఒక పద్యం పోతుంది. ఇప్పుడు అరచేతిలో పట్టే రికార్డరు ఏమీ పారేయకుండా గంటకు ఆరువందల ఎంబీల పైచిలుకు తీసుకుంటూ తెల్లవార్లూ పట్టగలదు. పరికరం వచ్చే వేళకు ఆమె లేరు. కాని ఆ ఆట నేర్చినవాళ్లు, ఒగ్గు కథ చెప్పేవాళ్లు, ఉయ్యాల పాటలకు ముందు గొంతు ఎత్తే అవ్వలు ఇంకా ఉన్నారు, మీ ఇళ్లలోనే ఉన్నారు.

ఒకే నకలు ఉంచుకుంటే ఉన్నా లేనట్టే. మన ఖిల్లా జైలులో దాశరథి బొగ్గుతో గోడ మీద పద్యాలు రాస్తే తుడిచేశారనీ, మళ్లీ రాశారనీ చెబుతారు. గోడ పోయినా గొంతులో ఉంది గనుక చెల్లింది. కార్డుకు ఆ సౌకర్యం లేదు. ఏళ్లకేళ్లు కరెంటు తగలకుండా పెట్టెలో పడుంటే అందులోది మెల్లగా మాసిపోగలదు. కార్డులో ఒకటి, హార్డ్ డిస్కులో ఒకటి, బంధువుల ఇంట్లో ఒకటి ఉండాలి.

చెవుల విషయం క్లుప్తంగా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్స్ అయితే వారానికి నలభై గంటలు వినవచ్చు. 90 అయితే నాలుగు గంటలే, 100 అయితే ఇరవై నిమిషాలే. నిజామాబాద్ నుంచి జానకంపేట, ఎడపల్లి మీదుగా బోధన్ పోయే బస్సులో ఇంజను రొదను మించి పాట వినాలని మీరు తిప్పే మీట ఎక్కడ ఆగుతుందో మీరే చూసుకోండి. చెవిలో బిగుతుగా కూర్చునే రబ్బరు మొనలున్న ఇయర్‌ఫోన్లయితే బయటి రొద తగ్గుతుంది, మీట పెంచనక్కరలేదు. రైలు పట్టాలు దాటేటప్పుడు మాత్రం తీసి జేబులో పెట్టుకోండి.

మన విద్యార్థి సంఘం వారికి ఒక మనవి. ప్రతి ఏడూ వార్షికోత్సవానికి సౌండ్ బాక్సుల కిరాయికి ఎంత ఖర్చు పెడుతున్నారో మీకు తెలుసు. అందులో కొంత తగ్గించి గ్రంథాలయంలో ఒక మూలన పనిచేసే క్యాసెట్టు డెక్కు ఒకటి, చిన్న రికార్డరు ఒకటి, రెండు హార్డ్ డిస్కులు పెట్టండి. ఇంటి నుంచి క్యాసెట్టు తెచ్చిన విద్యార్థి తానే ఎక్కించుకొని, ఒక నకలు తాను తీసుకొని, ఇంటివాళ్లు ఒప్పుకుంటేనే రెండోది అక్కడ ఉంచాలి. అప్పుల లెక్కలు, కన్నీళ్లు ఉన్న క్యాసెట్లు అందరికీ వినిపించేవి కావు. ఒప్పుకున్నవాటికి పాడినవారి పేరు, ఊరు, ఏడు ఒక రిజిస్టరులో రాయాలి; ఈ పని తెలుగు శాఖవారు చూసుకుంటే బాగుంటుంది. డెక్కు నా దగ్గర ఒకటి ఉంది, ఇంకా తిరుగుతుంది. సంఘం కొనేదాకా దాన్ని వాడుకోవచ్చు.

తెచ్చేవాళ్లు క్యాసెట్టును ఎండలో బండి డిక్కీలో పెట్టుకొని రావద్దు. టేపు వదులుగా ఉంటే పెన్సిలుతో తిప్పి బిగించి తెండి.